వంతెన ఎక్కేటప్పుడు వచ్చే చప్పుడు

ఈ కారు కొన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఏలూరులో ఇంటి ముందు ఆపి లోపలికొచ్చి కూర్చుంటానా, కాఫీ చల్లారకముందే మళ్లీ తాళం చేతిలోకి వచ్చేస్తుంది. "ఇప్పుడే కదండీ వచ్చారు, కాళ్లలో చక్రాలేమైనా ఉన్నాయా?" అంటుంది మా ఆవిడ. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక పని మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా కుర్చీ దిగదు. నాది దానికి సరిగ్గా ఎదురు.

తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో యంత్రాలు చూసుకోవడం నా ఉద్యోగం. చదువు అంతంతమాత్రం. నన్ను బతికించింది నా చెవి. గేటు దాటుతుండగానే లోపల ఏ బేరింగు ఎండిపోయిందో చెప్పేసేవాణ్ని. "ఆయన చెవి ఉండగా మనకి మీటర్లు ఎందుకండీ" అని ఓనరుగారు పదిమందిలో అంటే, ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ని. నాకున్న గొప్ప అదొక్కటే. దాన్నెవరైనా వేలెత్తి చూపిస్తే ఊరుకునే రకాన్ని కాను.

కారు సెకండ్ హ్యాండుది. టర్బో పెట్రోలు. ముందున్న కుర్రాడెవరో ఇంజన్ కంప్యూటర్లో లెక్కలు మార్పించి బలం పెంచుకున్నాడు. తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయేది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని అందరూ అన్నారు. నాకు మాత్రం దెందులూరు దాటాక హైవే మీద ఒక్కసారి తొక్కితే మిల్లు దుమ్మంతా ఒంట్లోంచి దులిపేసినట్టుండేది.

మొదటి వేసవిలోనే ఆ చప్పుడు పట్టుకున్నాను. కైకలూరు రోడ్డులో కొల్లేరు మీద వంతెన ఉంది. గేరు మార్చకుండా తొక్కుతూ ఆ ఎత్తు ఎక్కుతుంటే, రేకు డబ్బాలో శనగలు ఆడించినట్టు సన్నగా టిక టిక టిక. పెట్రోలు తన వంతు రాకముందే మండిపోతే అలా కొడుతుంది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలుకి ఆ తొందర ఉండదు. బలం పెంచిన ఇంజన్లకి అలాంటి పెట్రోలే కావాలి, అది మా వైపు బంకుల్లో దొరకదు. వదిలేస్తే పిస్టన్లు దెబ్బతింటాయి. అందుకని పెట్రోల్లో కలిపే మందు, ఆక్టేన్ బూస్టర్ సీసాలు తెప్పించాను. ట్యాంకు నింపినప్పుడల్లా ఒక సీసా.

చప్పుడు ఒక్కసారిగా పోలేదు. మొదట కొంచెం తగ్గింది, వానాకాలానికి ఇంకొంచెం. రెండో వేసవి దాటేసరికి అసలు లేదు. మందు పనిచేయడమంటే అలాగే కదా. కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. మా ఆవిడకైతే వంతెన ఎక్కిన ప్రతిసారీ చెప్పాను. "చూశావా? శుభ్రంగా పోయింది!" ఆవిడ ఊఁ అనేది.

ఒప్పుకోనివాడు మా బావమరిది. కొల్లేరు అంచున రొయ్యల చెరువులు చేస్తాడు. ఒక సాయంత్రం మేమిద్దరం వెళ్తే ఆ చెరువు గట్టు మీదే మొదలుపెట్టాడు.

"సీసామీద ఐదు పాయింట్లు అని ఉంటే ఆక్టేన్ ఐదు నంబర్లు పెరుగుతుందనుకుంటున్నారేంటి బావగారూ? పెరిగేది అందులో పదోవంతే. మీ చెవిలో పువ్వులు పెడుతున్నారండీ."

నాకు ఒళ్లు మండింది. అప్పటికే ఆ విషయం నేనూ చదివి ఉన్నాను, అందుకే ఇంకా మండింది. "నువ్వు పోసే సీసాల మాటేమిటి?" అన్నాను. రొయ్య బాగున్నా పోస్తాడు, బాగోకపోయినా పోస్తాడు. నీటికొకటి, అడుగు మట్టికొకటి, మేతలో కలపడానికి ఇంకొకటి. "మీ మందుల దెబ్బకి ఈ గట్ల మీద కీచురాళ్లు కూడా చచ్చాయి. సాయంత్రమైతే చెవులు హోరెత్తేవి ఇక్కడ. ఇప్పుడు ఒక్కటి కూత కూస్తే ఒట్టు!"

వాడు అదోలా చూసి అక్క వైపు తిరిగాడు. ఆవిడ చీర చెంగు సర్దుకుంది.

"పోనీ, ఏది పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఒక చెరువుకి మానేసి చూడాలండీ. మీరూ ఒక ట్యాంకు మానేసి చూడండి."

"నువ్వు మానేసి చూశావా ఎప్పుడైనా?"

"అమ్మో, రొయ్యలు పోతే?" అన్నాడు.

నా భయమూ అదే. అయినా పౌరుషం ఊరుకోదు. ఆ తర్వాత ట్యాంకు ఉత్త పెట్రోలుతో నింపాను. ఆ వారమంతా ఒకచోట కూర్చుంటే ఒట్టు. మిల్లుకి వెళ్తూ వింటున్నాను, వస్తూ వింటున్నాను, చప్పుడు తిరిగి కొడుతుందని అద్దాలు దించి గోడల పక్కన పోనిచ్చి వింటున్నాను. ఏమీ లేదు. లేదంటే సంతోషించాలి కదా. సంతోషం లేదు. మందు మానేసినా చప్పుడు రాకపోతే ఇన్నాళ్లూ అది దేన్ని బాగుచేసినట్టు?

ఆదివారం సాయంత్రం మా ఆవిణ్ని ఎక్కించుకుని బావమరిది చెరువుల దగ్గరికి బయలుదేరాను. మంచి ఎండ కాసిన రోజు. వంతెన రాగానే పెద్ద గేరులోనే ఉంచి గట్టిగా తొక్కాను. ఊపిరి బిగబట్టి విన్నాను. గాలి హోరు, టైర్ల హోరు. అంతే.

"లేదు! మందు లేకుండా కూడా లేదు!" అన్నాను.

ఆవిడ ముందుకే చూస్తూ, "ఉందండీ" అంది.

"ఏమిటి?"

"టిక టిక. సీసా పోసినప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఏనాడూ తగ్గలేదండీ."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"పోయిందని మీరంత సంబరంగా చెబుతుంటే నాకు నోరు రాలేదు. మీరు టీవీ సౌండు పెంచుకుంటున్నప్పుడే అనుకున్నాను."

అరుద్దామని నోరు తెరిచాను. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి తేలిపోయింది. మిగతా దారంతా ఎడ్లబండిలా పోనిచ్చాను. కంపెనీవాడు ఇచ్చినట్టే ఉంచిన బండికి ఆ సీసాలతో పనిలేదు. లెక్కలు మార్చిన నా బండికి అవి చాలవు. రేపే పాత లెక్కలు పెట్టించేయాలి. బండికైతే అలా ఒక దారి ఉంది.

చెరువు గట్టున దిగేసరికి పొద్దు వాలుతోంది. బావమరిది ఇంకా నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేయలేదు, నీళ్లు కదలకుండా ఉన్నాయి. నాకు అంతా నిశ్శబ్దం. భయమేసింది, దాచుకోవడం ఎందుకు. మిల్లులో రేపు గేటు దాటుతుంటే నాకేం వినిపిస్తుంది? ఇన్నాళ్లూ నేను విననిది ఏ బేరింగు?

"కీచురాళ్లు?" అన్నాను.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "అరుస్తున్నాయండీ. గట్టు పొడుగూతా."

"ఎలా అరుస్తున్నాయి?"

చుట్టూ ఎవరైనా ఉన్నారేమో అని చూసుకుంది. తర్వాత నా దగ్గరికి జరిగి, సిగ్గుపడుతూ, చిన్నగా "కిర్ర్‌ర్" మంది.

అది వినిపించింది.