తేర్చిన నూనె

భర్త భూపతి పోయిన ఏడాదికి బాలమణి ఇంట్లో మళ్ళీ మూకుడు పొయ్యెక్కింది. మనిషి పోయిన ఇంట్లో సంవత్సరీకం దాకా నూనె మూకుడు పెట్టకూడదంటారు. ఆ కట్టుబాటు ఏడాదిపాటు బాలమణికి తలదాచుకునే చోటయింది. ఇవాళ అదీ లేకుండా పోయింది.

భూపతికి ఇష్టమని బొబ్బెర గారెలు చేశారు. సిద్దిపేటలోనే రెండు గల్లీల అవతల కాపురముంటున్న కూతురు శైలజ, రెండు కొత్త నూనె పాకెట్లు తెచ్చింది. తల్లి గారెలు తట్టి ఇస్తుంటే తాను కాల్చింది. చుట్టాలు తిని పోయాక మూకుడులో సగం నూనె మిగిలింది, నల్లగా, అడుగున మాడిన తునకలతో. బాలమణి దానివైపు చూడకుండా వాకిట్లో అంట్లు ముందేసుకుని కూర్చుంది.

బాలమణి పుట్టిల్లు ధూళిమిట్ట. మూడో తరగతితో బడి మానేసింది. పెళ్ళయి వచ్చాక ఆమెకు పేరు తెచ్చిన పని ఒక్కటే, మిగిలిన నూనె తేర్చడం. చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి గోరువెచ్చటి నూనెలో పోయాలి. సన్నని మంట మీద తిప్పుతూ ఉండాలి. మంట పెరిగితే ముఖం మీదికే చిమ్ముతుంది. నీళ్ళు ఇగిరి చిటపటలు ఆగేసరికి పిండి ముద్దకట్టి, మాడిన పొడినంతా తనకు అంటించుకుంటుంది. భూపతి పాత ధోవతి ముక్కలో వడకడితే నూనె తేటగా దిగుతుంది. "బాలవ్వ చేతుల పడితె మాడిన నూనె గూడ బంగారమే" అంటూ వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి నేర్చుకుని పోయేవారు. ఆ నూనె కూరల్లోకి, మళ్ళీ అప్పాలకు, మళ్ళీ తేర్చి పోపులకు. బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసే భూపతి ముప్పై ఏళ్ళు ఆ చేతి వంటే తిన్నాడు.

గుండెనొప్పితో దవాఖానలో పడ్డప్పుడు డాక్టరు అడిగాడు. "కాలిన నూనె మల్ల మల్ల వాడుతరా ఇంట్ల?"

బాలమణి నోరు తెరవకముందే మంచం మీద ఉన్న భూపతి అందుకున్నాడు. "మా ఇంటామె అసొంటి పని చెయ్యది సారూ. ఎప్పటికి కొత్త నూనెనే."

డాక్టరు రాసుకుంటుంటే భూపతి భార్యవైపు చూసి కన్నుగీటాడు. ఆమె తల దించుకుంది. మూడో రోజుకు మనిషి లేడు. ఆ కన్నుగీటు మాత్రం ఏడాదిగా ఆమెను వదల్లేదు. నిజం చెప్పి ఉంటే మందు మారేదేమో. అడిగిన మాటకు జవాబిచ్చి ఉంటే బతికేవాడేమో.

వంటింట్లోంచి చిటపటమన్న చప్పుడు వచ్చింది. బాలమణి చేతిలోంచి గిన్నె జారింది. పరుగున పోయి చూస్తే శైలజ మూకుడులో పిండినీళ్ళు పోసి తిప్పుతోంది.

"బంజెయ్! పొయ్యి బంజెయ్యే!"

"ఏమైందే అవ్వా? సన్నమంటనే పెట్టిన. నువ్వు నేర్పినట్టే చేస్తున్న గద."

"నేర్పుడే తప్పయింది. పారబొయ్యి."

"గింత నూనె పారబోస్తరా ఎవరన్న? బాపు ఉంటె నిన్ను జూసి నవ్వుతుండె."

"మీ బాపును మింగింది గిదేనేమో బిడ్డా."

శైలజ గంటె ఆపింది. డాక్టరు అడిగిన సంగతి, భూపతి చెప్పిన అబద్ధం, తాను మూసుకున్న నోరు, అన్నీ గోడకానుకుని చెప్పింది బాలమణి. ఆ రోజు శైలజ మందుల కోసం కిందికి పోయి ఉంది. ఆమెకు ఇదంతా తెలియదు.

"బాపు దినాం కట్ట బీడీలు తాగుతుండె. బీడీలు మింగినయే అవ్వా."

"బీడీలు ఆయన తాగిండు. నూనె నేను పోసిన." ఆమె మూకుడుకేసి చూసింది. "పైకి తేటగైతది. మాడిన తునకలు గుడ్డల పడ్తయి. మాడిన గుణం ఏడ పడ్తదే?"

శైలజ పొయ్యి ఆర్పింది. తర్వాత గొంతు తగ్గించి అంది, "పోయిన నెల మీ అల్లునికి బీపీ ఉన్నదన్నరు. నువ్వు బుగులు పడ్తవని చెప్పలే. మా ఇంట్ల డబ్బ నిండ గదే నూనె."



మర్నాడు అల్లుడు హరీశ్‌ను శైలజ దవాఖానకు తీసుకుపోతుంటే ఆమె కూడా బయలుదేరింది. "నువ్వెందుకే అవ్వా" అన్నా వినలేదు. అదే గది, అదే డాక్టరు. బీపీ పట్టీ విప్పుతూ అదే మాట అడిగాడు.

హరీశ్ పెళ్ళాంవైపు చూశాడు. "లేదు సార్, మా ఇంట్ల అసొంటిదేం..."

"వాడుతం సారూ."

తలుపు దగ్గర నిలబడ్డ బాలమణి రెండడుగులు ముందుకు వేసింది. చేతులు కొంగులో చుట్టుకుంది.

"నేనే నేర్పిన. నిరుడు గీడ్నే పోయిండు మా ఆయన, భూపతి. ఆయన గూడ గదే తిన్నడు. నా ఇజ్జత్ పోతదని మీతోని అబద్ధమాడిండు. గిప్పుడు గీ పిలగాడు గూడ అబద్ధమాడుతుండు."

హరీశ్ ముఖం ఎర్రబడింది. శైలజ తల్లి భుజం మీద చేయి వేసింది. డాక్టరు అంతకుముందు రాసిందాన్ని కొట్టేశాడు.

"ఒక్క నూనె ఎన్నిసార్ల దాక కాస్తరమ్మా?"

బాలమణి కొంగులోంచి చేయి తీసి, ఒక్కో వేలూ మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది.