సూర్యకళ ఫియట్‌కు అందని కరెంటు

నాచారంలో ఆడవాళ్లు కారు నేర్చుకోవాలంటే అప్పట్లో సూర్యకళ పేరే చెప్పేవారు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. భర్త రామ్మోహనరావు ఫ్యాక్టరీలో గుమాస్తా, ఆయనకు స్టీరింగు పట్టుకోవాలంటేనే భయం. తన నాన్న వాడిన పాత ఫియట్ సూర్యకళకు వచ్చింది. మొదట పక్కింటావిడకు సరదాగా నేర్పింది. తరవాత ఆవిడ చెల్లెలు, ఆపైన స్కూలు టీచర్లు వచ్చారు. మగ డ్రైవర్ల కసురుళ్లకు మధ్యలో మానేసినవాళ్లు కూడా ఈమె పక్కన ధైర్యంగా కూర్చునేవారు.

2007 వేసవిలో బండి మొరాయించడం మొదలుపెట్టింది. వేడెక్కితే చాలు, దగ్గి దగ్గి ఆగిపోయేది. ఒకరోజు ఉప్పల్ చౌరస్తా మధ్యలో ఆగింది. స్టీరింగు ముందున్న కౌసల్యమ్మ, తానే పాడుచేశాననుకుని ఏడ్చేసింది. భర్తకు చూపు తగ్గాక ఇంటి కూరగాయల వ్యాను తానే నడపాలని యాభై దాటాక నేర్చుకుంటున్న మనిషి. నాలుగు రోజుల్లో లైసెన్సు పరీక్ష.

అప్పటికే మెకానిక్కులు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్ మార్చారు, దాని కరెంటును కలిపి విడదీసే పాయింట్లు మార్చారు, వాటి పక్కనుండే కండెన్సర్ మార్చారు. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే దగ్గు. ఇక తుక్కుకిచ్చేయమన్నారు. ఆ మాట విన్న రోజు సూర్యకళకు అన్నం సహించలేదు.

ఎవరో చెబితే ఆటో ఎలక్ట్రీషియన్ హన్మయ్య దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పానా ముట్టుకోకుండా ముందు ప్రశ్నలు అడిగాడు. లైట్లు వేస్తే దగ్గు ఎక్కువవుతుందా అన్నాడు. అవునంది. కాయిల్‌లోకి కరెంటు పారాలని పాయింట్లు కలిసేలా ఇంజనును కాస్త తిప్పి, తాళంచెవి ఆన్ చేసి మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర పన్నెండు వోల్టులు, కాయిల్ దగ్గర ఎనిమిదిన్నర.

"కాయిల్‌ది తప్పు లేదమ్మా. కడుపుకు తిండి పెట్టకుంట ఉరకమంటే యాడ ఉరుకుతది?" అన్నాడు.

బ్యాటరీ నుంచి కాయిల్‌కు నేరుగా ఒక వైరు వేసి స్టార్ట్ చేయమన్నాడు. ఇంజను ఒక్క దగ్గు లేకుండా అందుకుంది. అంటే లోపం దారిలో ఎక్కడో ఉంది. ఆ వైరు తీసేసి మీటరుతో అంగుళం అంగుళం వెతికాడు. తాళంచెవి పెట్టే స్విచ్చి దాకా పన్నెండు వస్తున్నాయి, స్విచ్చి దాటేసరికి మూడున్నర పోతున్నాయి. విప్పి చూపించాడు. లోపలి రేకులు అరిగి, నల్లగా మాడి ఉన్నాయి.

"ఇంజనుకేమీ లేదా?" సూర్యకళ అడిగింది.

"ఇంజన్ మస్తుగుంది. ఫికర్ చెయ్యకున్రి."

కొత్త స్విచ్చి బిగించేదాకా ఆమె బల్ల మీద కూర్చుని, ఎప్పుడో చల్లారిన టీ తాగింది. అంత రుచిగా ఉందేమిటా అనుకుంది.

అటునుంచి అటే కౌసల్యమ్మ ఇంటికి వెళ్లి, ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టి నాగోల్ దారి పట్టించింది.

"గిప్పుడు ఆగదు గద మేడం?"

"ఆగదు. మొన్న ఆగింది కూడా మీ వల్ల కాదు కౌసల్యమ్మగారూ, అరిగిపోయిన స్విచ్చి వల్ల."

మూసీ వంతెన మీదికి రాగానే కౌసల్యమ్మ, ఎవరూ చెప్పకుండానే టాప్ గేరు వేసింది.