అవ్వ చెట్టుకు ఎర్రపూలు

మా అమ్మకు, మేం అవ్వ అనేవాళ్ళం, ఫోటో లేదు. ఆ రోజుల్లో మా ఊరు మోస్రాలో ఫోటో తీయించుకున్న ఆడమనిషి ఎవరూ నాకు తెలియదు. ఆమె పోయాక చీరలు అక్కా నేనూ పంచుకున్నాం. కొన్నాళ్ళు కట్టుకునేసరికి అవి మా చీరలైపోయాయి. ఇది అవ్వది అని చెప్పుకోవడానికి మిగిలింది పెరట్లోని తెల్లగులాబీ ఒక్కటే.

ఆ గులాబీని అవ్వ కొమ్మ గుచ్చి పెంచింది. కొమ్మ కొసకు పేడ అద్ది నేలలో గుచ్చేది, అది బతికేది. ఊళ్ళో ఎవరడిగినా ఒక కొమ్మ కోసి ఇచ్చేది. అంటు కట్టిన చెట్లంటే ఆమెకు గిట్టదు. బాపు ఒకసారి మామిడి అంట్లు తెస్తే, మొదలు దగ్గర చుట్టిన గుడ్డను విప్పి చూసి, "ఒకదాని వేరు, ఇంకోదాని తల. గిదేం చెట్టు?" అన్నది. అంటు ముడి ఎలా ఉబ్బి ఉంటుందో నేను చూసింది అప్పుడే.

మాకు అన్నదమ్ములు లేరు. అవ్వ పోయాక ఇల్లు బాపు దాయాదులకు, పాలివాళ్ళకు పోయింది. చెట్టు ఎవరు తీసుకోవాలన్న మాట వచ్చినప్పుడు అక్క ముందే తేల్చేసింది.

"నీది ఇందూరుల కిరాయి ఇల్లు. వాకిలంత బండలే. చెట్టును బండ మీద కూసోబెడ్తవానే? బోధన్ల మాకు ఇంత పెరడు ఉన్నది."

ఆ మాట నిజమే. బావవాళ్ళది చెరుకు పండించే ఇల్లు, పెద్ద పెరడు. చెట్టును వేళ్ళతో సహా తవ్వి, తడి గోనెపట్టలో చుట్టి బండి మీద తీసుకుపోయారు. పోయినవాళ్ళు పెట్టిన చెట్టుకు ఏడాది దాకా కత్తి పెట్టకపోవడం మా ఇంటి ఆచారం. నేను ఏడాదితో ఊరుకోలేదు. ఎప్పటికీ పెట్టవద్దన్నాను. అక్క సరేనంది.

ఆ తర్వాత ఏటా పెద్దల అమావాస్యకు, అదే పెత్తరమాసకు ముందు బోధన్ నుంచి ఎవరో ఒకరి చేత పూలు వచ్చేవి. తడిగుడ్డలో పెట్టి మోదుగాకుల్లో చుట్టిన తెల్లగులాబీలు. ఆ రోజు అవ్వ పేరు మీద ఇచ్చే బియ్యం, కూరగాయల పక్కన వాటిని పెట్టేదాన్ని. సాయంత్రం మొదటిరోజు బతుకమ్మ. పొరుగింటామె తంగేడు, గునుగు ముందేసుకుని పేరుస్తూ, "నడుమల పెట్టెతందుకు ఒక్క తెల్లపువ్వు ఇయ్యరాదు" అని ఏటా అడిగేది. ఇచ్చేదాన్ని కాదు. "ఇవి మా అవ్వవి" అనేదాన్ని.

పోయినవాళ్ళు ఆ రోజు వస్తారన్న నమ్మకం నాకు లేదు. చదివిన పుస్తకాలు ఆ నమ్మకాన్ని ఉండనివ్వలేదు. కానీ ఆ పువ్వును నమ్మాను. అవ్వ చేత్తో గుచ్చిన కొమ్మ అది, ఆమె పోసిన నీళ్ళు తాగిన వేరు అది. ఆమెకు సంబంధించి ఇంకా ప్రాణంతో ఉన్నది అదొక్కటే అనుకున్నాను. చేతిలో పట్టుకుని, ఎవరూ లేనప్పుడు, ఆ ఏడాది సంగతులు చెప్పుకునేదాన్ని.

ఒకసారి నేను బోధన్‌లో ఉన్నప్పుడు అక్క అత్తగారు ఆ చెట్టు వైపు చూసి, "మీ అవ్వ చెట్టు పట్నపు కోడలి లెక్క తయారైందే" అని నవ్వింది. అక్క ఆమె వంక ఉరిమి చూసింది. ముసలామె మాటలకు కోపమెందుకని నేనే అక్కను కసిరాను.

బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ కడతారని అందరూ చెప్పుకునే రోజుల్లో, ఒక పెత్తరమాసకు పూలు రాలేదు. అమావాస్య ఇంకా మూడు రోజులుందనగా, ఈసారి పూలు లేవని మాత్రం కబురొచ్చింది. చెట్టుకేదో తెగులు తగిలిందనుకుని మరునాడే బయలుదేరాను.

చెట్టు చచ్చిపోలేదు. నా ఎత్తున పెరిగి ఉంది. నిండా పూలున్నాయి. గుత్తులు గుత్తులుగా చిన్న పూలు, అన్నీ లేత ఎరుపు.

"రంగు మారిందే, ఏం జేస్త?" అన్నది అక్క. "చెరుకు నీళ్ళ గుణమేమో."

చెరుకు నీళ్ళకు గులాబీ ఎర్రబడడం నేను వినలేదు. కొమ్మలు పక్కకు తోసి లోపలికి చూశాను. నడుమ ఒక పాతకొమ్మ ఎండి నిలబడి ఉంది. దాని చివర ఒక తెల్లమొగ్గ విచ్చకుండానే వాడిపోయింది. ఎర్రపూల కొమ్మలన్నీ అంతకన్నా కిందినుంచి, నేలను ఆనుకుని లేచాయి. ఆ రెంటికీ మధ్య, మొదలు దగ్గర, ఉబ్బిన ముడి ఉంది.

అవ్వ గుచ్చిన కొమ్మకు ముడి ఎక్కడిది?

"అక్కా, ఇది అంటు చెట్టు. వేరు ఎర్రపూలది, తల తెల్లపూలది."

 అక్క అరుగు మీద కూర్చుంది.

"అది మొదటి వానకాలమే సచ్చిందే. నల్లరేగడి, నీళ్ళు ఇంకలె. ఎండుతదేమోనని నేను పొద్దుమాపు పోసుకుంట పోయిన. వేరు కుళ్ళింది."

"మోస్రాల ఇంటింటికీ ఉంది కదా. పోయి ఒక కొమ్మ తెచ్చుకోకపోయినవా?"

"ఏ మొకం పెట్టుకొని పోవాలె? తల్లి పోయి ఏడాది తిరగలె, తల్లి చెట్టును సంపుకున్నదని ఊరంత అనదా? మీ బావ పట్నం పోయినప్పుడు తెల్లది సూసి తెచ్చిండు."

"బావకు తెలుసా?"

"తెచ్చినోనికి తెల్వదా?"

లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "నాకూ తెలుసు బిడ్డా. గుంత తవ్విపిచ్చింది నేనే."

"నాకొక్కదానికే చెప్పలేదన్నమాట."

"నువ్వేమడిగినవ్? పూలడిగినవ్. ఏటా పంపిన. ఈ ఏటి దాకా ఒక్క ఏడన్న తప్పిన్నా?" అక్క గొంతు పెరిగింది. "కత్తి పెట్టొద్దని నువ్వే అంటివి. మొదలుకాడ గీ కొమ్మలు లేసిననాడే కోసి పారేస్తే నీకు ఎన్నడు తెల్వకపోవు. కోద్దామని పోతే మా అత్తమ్మ, 'నీ చెల్లె వద్దన్నది గద, సత్తెం తప్పుతవా' అని ఎక్కిరియ్యవట్టె."

లోపల ముసలామె నవ్వింది. అక్క కూడా నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది.

అక్క దొంగ కాదు. నన్ను బాధపెట్టకూడదనే చేసి ఉంటుంది. ఆమె కూడా ఇప్పుడు లేదు. ఆమె కోసం ఏడ్చినప్పుడు నిజంగానే ఏడ్చాను. అయినా ఆ అరుగు మీద ఆమె చెప్పిన ఏ కారణమూ నాకు సరిపోలేదు, ఇప్పటికీ సరిపోదు. చెట్టు చచ్చిపోయిందని చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన ఒక చావు నాకు మాత్రం తెలియదు. నేను ఏటా ఎవరిదో పట్నపు తోటలోని పువ్వును పట్టుకుని మాట్లాడాను.

భోజనం చేయకుండానే లేచాను. తిన్నగా ఇంటికి పోకుండా మోస్రా పోయాను. మా పెరట్లో పాలివాళ్ళ పశువులు కట్టేసి ఉన్నాయి. వీధి చివర ఒక ముసలామె ఇంటి కంచె పక్కన తెల్లగులాబీ కనిపించింది.

"మీ అవ్వ ఇచ్చిన కొమ్మనే బిడ్డా," అన్నది ఆమె. "ఇన్నేండ్లల్ల మీ అక్క రాకపాయె, నువ్వు రాకపాయె. కోసుకపో, నీయే గద."

కోసి చేతిలో పెట్టుకున్నాను. చిన్న పువ్వు. రేకులు తక్కువ, నడుమ కొద్దిగా పసుపు, వాసన పలచన. అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఇదేనా?" అని అడిగాను.

"ఇదే. ఇంకేది?"

నా మనసులో ఉన్నది పెద్ద పువ్వు. ఒత్తుగా రేకులుండి, అరచెయ్యి నిండేది. అది అవ్వ పువ్వు కాదు, అక్క పంపిన పువ్వు. అసలుది ఎలా ఉండేదో ఎప్పుడు మరిచిపోయానో నాకు తెలియదు.

పెత్తరమాస నాడు, మోస్రా నుంచి తెచ్చిన ఆ పూలను బియ్యం పక్కన పెట్టాను. ఏమైనా చెప్పుకుందామని చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేశాను. సాయంత్రం పొరుగింటామె తంగేడు పూల కట్టతో వచ్చి, నా పూలను చూసి ఆగింది.

"ఈసారి మీ అవ్వ పూలు రాలేదా?" అన్నది.

మోస్రాలో మొదట చూసినప్పుడు నాకూ ఇవి అవ్వవి కావనే అనిపించింది.