ఓడ మనిషి తిరిగొచ్చిన శనివారం

మా వీధిలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఏడాదిన్నర పాటు మేమంతా సముద్రం ఒడ్డునే బతికాం. అది ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్ చలవ. అందులో ఒక అమ్మాయి. ఆమె మొగుడు ఓడలో పనికి పోయి తిరిగి రాలేదు. ఆమె రోజూ సాయంత్రం దీపస్తంభం దాకా నడిచి, కాసేపు నీళ్ళ వైపు చూసి, ఇంటికి వచ్చేస్తుంది. కథంతా ఇంతే. ఇంతకు మించి ఏమీ జరగకపోయినా వారం వారం మా ప్రాణాలు తోడేసేది.

సముద్రమంటే నాకు తెలిసింది వానాకాలంలో రెండు రోజులు నిండుగా పారే మా స్వర్ణముఖి ఒక్కటే. తక్కిన కాలమంతా అది ఇసుకే. ఆ రెండు రోజుల నీళ్ళనే మనసులో సాగదీసి, సాగదీసి, సముద్రం చేసుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా సముద్రం అంటే నాకు ముందు ఎర్రటి నీళ్ళే కనిపిస్తాయి.

మాది తిరుచానూరు. డెబ్బైల చివరి సంవత్సరాలు. నాకు పన్నెండు నిండాయి. గుడి ముందు అంగళ్ళకు పూలు కట్టి ఇచ్చే ఇళ్ళలో మాదొకటి. నాయన పొద్దున్నే పూలు తెచ్చి గంపల్లో పోసేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ, మా మేనత్త, ఎదురింటి అవ్వ నడవలో కూర్చుని అరటినారతో మాలలు కట్టేవాళ్ళు. తడిగుడ్డ కింద నుంచి మల్లెల వాసన, మరువం వాసన లేచి, ఇల్లంతా సగం నిద్రలో ఉన్నట్టుండేది. శనివారం ఒంటిపూట బడి. ఆ రోజే పత్రిక వచ్చేది. ఆ వాసనలో, ఆ మగతలో కూర్చుని నేను గొంతెత్తి చదివేదాన్ని.

చదివేది నేనొక్కదాన్నే. అవ్వకూ అత్తకూ అక్షరాలు రావు. అమ్మకు కొద్దిగా వచ్చు గానీ, ఆమె ఒక వాక్యం కూడబలుక్కునే లోపల పూలు వాడిపోతాయని అవ్వ ఎగతాళి చేసేది. వినడంలో మాత్రం ముగ్గురికీ ముగ్గురే సాటి. కథలో ఆ అమ్మాయి వానలో తడిస్తే అవ్వ "తల తుడుసుకోమని సెప్పే ఆ పిల్లకి" అని నా మీద అరిచేది. నేను చెబితే ఆమెకు వినబడుతుందని అవ్వ నమ్మకం. పండగ నాడు ఒక మూర మల్లెలు ఎక్కువ కట్టి, పత్రికలో ఆ అమ్మాయి బొమ్మ ఉన్న పేజీ మీద పెట్టారు. నవ్వుతూనే పెట్టారు గానీ, ఆ పూలను సాయంత్రం దాకా ఎవరూ తీయలేదు.

మా అత్త ఎలా వినేదో చెప్పాలి. ఆమె నవ్వేది కాదు, అరిచేది కాదు. చదువుతున్నంతసేపూ చేతులు ఆగకుండా పూలు కట్టేవి, చూపు మాత్రం వాకిలి బయట ఉండేది. ఆమె మొగుడు ఆరేళ్ళ కిందట మద్రాసుకు మిల్లు పనికి పోయాడు. మొదటి ఏడాది రెండుసార్లు వచ్చాడు. తర్వాత రాలేదు. అప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది. మోకాళ్ళ దాకా జారే జుట్టు ఆమెది. మాలలన్నీ అంగళ్ళకు పోయాక, మిగిలిన పూలతో ఒక మూర కట్టి జడలో పెట్టుకునేది. "మొగుడు యాడో ఒక చోట ఉండాడు కదా, పూలు పెట్టుకోకుండా ఎందుకుండాల?" అనేది.

ఒకసారి మద్రాసు నుంచి కార్డు వచ్చింది. నాయన నిలబడే చదివాడు. "బాగుండాడంట. పని వదిలి రావడానికి కుదరలేదంట. నిదానంగా వస్తానని రాసినాడు" అని చెప్పి, కార్డును వాకిలి పక్కన వేలాడే తీగకు గుచ్చేశాడు. మా ఇంట్లో ఉత్తరాలన్నీ ఆ తీగకే. బడి రసీదు వెతుకుతూ ఒక రోజు నేను ఆ కార్డు తీసి చదివాను. నాయన చెప్పిన మాటల్లో ఒక్కటీ అందులో లేదు. అత్త మొగుడు అక్కడ వేరే కాపురం పెట్టుకున్నాడు, ఇక రాడు. కార్డు పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ దాన్ని లాక్కుని మళ్ళీ తీగకు గుచ్చి, "నువ్వు సూడలేదు. అంతే" అంది. అత్త రోజూ ఆ తీగ పక్కనే కూర్చుని పూలు కట్టేది.

సీరియల్ ఆఖరి భాగం వచ్చే శనివారం బడి వదలగానే బస్సులు ఆగే చోటికి పోయాను. అక్కడ ఒక చిన్న పుస్తకాల బంకు ఉండేది. పత్రికల కట్ట నాకంటే ముందే దిగింది. బంకు దగ్గర ఒక టీచరమ్మ నిలబడే చదివేసి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. కాలేజీ చదివే అబ్బాయి ఒకడు బంకాయన మీద ఎగురుతున్నాడు. "ఇట్ల సేస్తారాప్పా? ఇన్నాళ్ళు సదివించి ఇట్ల సేస్తారా?" అంటున్నాడు. "నేనేమన్నా రాసినానా నాయనా? నేను అమ్మేవాణ్ణి" అని బంకాయన చేతులు జోడించాడు. ఆయన కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. నా చేతిలో పత్రిక పెడుతూ, "ఇంటికి పోయి సదువుకో పాపా, దారిలో వద్దు" అన్నాడు.

వద్దంటే ఆగుతానా? తోట గోడ నీడలో కూర్చుని చదివేశాను. ఓడ మనిషి రాలేదు. ఆయన పెట్టె వచ్చింది. ఓడల కంపెనీ వాళ్ళు తెచ్చి ఇచ్చారు. అందులో ఆమె కోసం కొన్న చీర ఒకటి, మడత విప్పకుండా ఉంది. ఆ సాయంత్రం ఆ అమ్మాయి దీపస్తంభం వైపు పోలేదు. సమాప్తం.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఎండ తెల్లగా ఉంది. రోడ్డు మీద మనుషులు నీళ్ళలో నడుస్తున్నట్టు కనిపించారు. చుట్టాలు పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు. ఆ తర్వాత అత్త గుర్తొచ్చింది. ఏడుపు ఆగిపోయి భయం పట్టుకుంది. లేచి ముఖం కడుక్కుని ఇంటికి పోయాను.

నడవలో ముగ్గురూ సిద్ధంగా ఉన్నారు. నేను కూర్చుని మొదటి రెండు పేజీలు ఉన్నది ఉన్నట్టే చదివాను. తలుపు చప్పుడైంది అన్న చోట నా కళ్ళు పేజీ మీద ఉన్నాయి, నోరు మాత్రం వేరే దారి పట్టింది. తలుపు తీస్తే గడ్డం పెరిగిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడని చదివాను. మంచినీళ్ళు అడిగాడని చదివాను. ఆ అమ్మాయి గుర్తు పట్టలేదు, చెంబు తెచ్చి ఇచ్చింది. ఆయన చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా గటగటా తాగుతుంటే, ఆ తాగే తీరు చూసి గుర్తు పట్టింది. నాకు అంత చక్కగా అబద్ధం అల్లడం వచ్చని ఆ రోజే తెలిసింది. నాయన బిడ్డను కదా.

అవ్వ భోరుమంది. అమ్మ నవ్వుతూ ఏడ్చింది. అవ్వ లేచి వాళ్ళింటికి పోయి బెల్లం గడ్డ తెచ్చి, పగలగొట్టి అందరి నోట్లో పెట్టింది. అత్త ఒక్కతే కదల్లేదు. కాసేపటికి జడ ముందుకు వేసుకుని, నిమురుతూ, "రేపు కొండకు పోతాను వదినా. జుట్టు ఇస్తానని మొక్కుకోనుండాను" అంది.

"ఏం మొక్కు? ఎప్పుడు మొక్కినావు?" అంది అమ్మ.

"ఆ పిల్ల మొగుడు తిరిగొస్తే ఇస్తానని. ఆయప్ప వస్తే ఈయప్పా వస్తాడని."

"కథలో మొగుడు వస్తే నువ్వు గుండు కొట్టించుకుంటావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"గుళ్ళో అమ్మవారికి ఏటేటా పెండ్లి సేస్తా ఉండారే, అది ఎప్పుడో అయిపోయిన పెండ్లే కదా. దానికి మాలలు కట్టేటప్పుడు లేని పిచ్చి దీనికేనా?" అంది అత్త. అవ్వ "అదీ నిజమే" అంది. నా నోట్లో బెల్లం కరగడం మానేసింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే అత్తకు తోడుగా నన్ను పంపారు. కొండ బస్సు మలుపులు తిరుగుతుంటే మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చింది. అత్త కొత్త చీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని, పెళ్ళికి పోతున్నట్టు కూర్చుంది. నాకు కలలో ఉన్నట్టే ఉంది. ఎవరో నన్ను తట్టి లేపితే బాగుండుననుకున్నాను. జుట్టు పోవడం ఒక్కటే కాదు, ఇక ఆమె ఆయన వస్తాడని గట్టిగా నమ్మేస్తుంది. ఇంకో ఆరేళ్ళు, ఇంకో పదేళ్ళు ఆ వాకిలి వైపే చూస్తుంది. ఆ పని చేసింది నేను.

కల్యాణకట్టలో వరసగా కూర్చున్నాం. అత్త జడలోని పూలు తీసి నా చేతికిచ్చింది. మా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు. అప్పుడు ఆమె కొంగు పట్టుకుని చెప్పేశాను. "అత్తా, ఆయప్ప రాలేదు. కథలో రాలేదు. నేనే అట్ల సదివినాను."

అత్త నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను.

"మరి ఎవరొచ్చినారు?"

"పెట్టె వచ్చింది. అంతే."

మంగలాయన పిలిచాడు. నేను లేచి అత్త చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. ఆమె కదల్లేదు. "ఆయప్ప రాకుంటే మొక్కు లేదు కదత్తా, పోదాం రా" అన్నాను.

"ఈ జుట్టుతో దిగిపోతే రేపు మళ్ళీ పూలు పెట్టుకుంటాను. మళ్ళీ వాకిలి సూస్తా కూసుంటాను. వద్దులే బిడ్డా" అంది. పోయి ఆయన ముందు కూర్చుని తల వంచింది. ఆయన నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. అంత జుట్టు పోవడానికి కాసేపు కూడా పట్టలేదు. నేను ఆమె పూలు పట్టుకుని నిలబడ్డాను.

దిగేటప్పుడు బస్సులో ఆమె గుండుకు రాసిన గంధం వాసన. కొన్ని మలుపులు తిరిగాక, "ఎందుకు మార్చినావు?" అంది.

"నువ్వు ఏడుస్తావని."

ఇంకో రెండు మలుపులు తిరిగాక, కిటికీలోంచి లోయ వైపు చూస్తూ అంది. "మీ నాయన కూడా నీ మాదిరే మంచోడు."

నాకు తీగకున్న కార్డు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. నాయన గంప అల్లిక సరి చేస్తున్నాడు. అమ్మా అవ్వా పూల దగ్గర ఉన్నారు. అత్త కాళ్ళు కడుక్కుని, నేరుగా తీగ దగ్గరికి పోయి, దాన్ని మేకు నుంచి తీసుకుని నా ముందు పెట్టింది. "ఆ మద్రాసు కార్డు తియ్యి. ఈసారి ఉండేది ఉన్నట్లు సదువు."

నాయన లేచాడు. "నువ్వు కూసో అన్నా. నువ్వొకసారి సదివినావు కదా" అంది అత్త, కోపం లేకుండానే. నాయన కూర్చున్నాడు. ఆయన అంత చిన్నగా కనిపించడం నేను అంతకు ముందు చూడలేదు.

నేను చదివాను. "బావగారికి నమస్కారం. నేను ఇక్కడ వేరే కాపురం పెట్టుకున్నాను. ఒక బిడ్డ కూడా పుట్టింది. ఇక నేను ఆ పక్కకు రాను. మీ చెల్లెలిని నా కోసం కాచుకోవద్దని చెప్పండి."

"ఇంతేనా?"

"ఇంతే అత్తా."

"ఎప్పుడొచ్చింది?"

ముద్ర చూసి లెక్కపెట్టాను. నాలుగేళ్ళకు దగ్గర. అత్త తల ఊపింది. కార్డు తీసుకుని మళ్ళీ తీగకే గుచ్చి, తీగను మేకుకు తగిలించింది. ఒక్క చుక్క కన్నీరు లేదు. అమ్మ మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుంది.

అత్త పూలగంప దగ్గరికి జరిగి నార చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడు ఆ కథ కూడా సదువు. నిజమైంది" అంది. అవ్వకు అర్థం కాలేదు. నేను చేసిన పని చెబితే, నోరు తెరిచి, "అయితే నా బెల్లం నాకియ్యే" అంది. ఎవరూ నవ్వలేదు. తర్వాత అవ్వే నవ్వింది.

చదివాను. తలుపు చప్పుడైంది. పెట్టె వచ్చింది. చీర మడత విప్పకుండా ఉంది. ఆ సాయంత్రం ఆ అమ్మాయి దీపస్తంభం వైపు పోలేదు. అవ్వ ఆ రాసినాయన చేతులు పడిపోవాలని తిట్టింది. సమాప్తం అన్న మాట సగంలోనే ఆగింది. తలెత్తి చూస్తే అత్త నార వదిలేసి, రెండు చేతులూ గుండు మీద పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తోంది. మల్లెలు ఆమె ఒళ్ళోంచి నేల మీదికి జారుతున్నాయి.

"పాపం ఆ పిల్ల" అంటోంది. "ఎన్నాళ్ళు కాసుకోనిందో. ఒక్కరన్నా సెప్పలేదే ఆ పిల్లకి."