కంటి పక్కన అక్కి: దేవరకొండ నుంచి నల్లగొండకు

తెల్లవారి జల్లు పడి ఆగింది. దొడ్డంతా బురద. గొర్రెలను నాయిన వెంట తోలి, నేనూ వదినా ఆరున్నరకు బయలుదేరాం. మా ఊరు దేవరకొండకు ఏడు కిలోమీటర్లు. వదిన నుదుటి మీద ముందురోజు లేచిన పొక్కులు రాత్రికి కనురెప్ప దాకా దిగాయి. ఒకటే మంట. అది అక్కి. మా వైపు అక్కి వస్తే కుండలు చేసేవాళ్లతో దాని మీద ఎర్రమట్టితో బొమ్మ రాయించుకుంటాం. అందుకే ముందు పక్క ఊళ్లో అక్కి రాసే బాలమ్మవ్వ దగ్గరికి వెళ్లాం. వదినకు హెచ్‌ఐవీ ఉంది. ఏడేళ్లుగా మందులు వాడుతోంది. ఈ సంగతి రాయమన్నది వదినే.

బాలమ్మవ్వ మట్టి కలిపి, వదిన ముఖం వెలుతురుకు తిప్పి చూసి, గిన్నె పక్కన పెట్టేసింది.

"నడుం మీదనైతే రాస్తుంటి. కంటికాడ రాయ. ఎనకట ఒకాయనకు రాసిన, కన్ను పోయింది. గీడ కూసోకుండ్రి, నల్లగొండ దవాఖానకు పోండ్రి."

దేవరకొండలో ఎనిమిదిన్నరకు బస్సు దొరికింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ చూపితే వదినకు సున్నా టికెట్టు, నాకు దాదాపు వంద. రెండు గంటల దారి. కొండమల్లేపల్లి దాటాక వానకు రోడ్డు మీదికి మట్టి కొట్టుకొచ్చి బస్సు గంటసేపు ఆగింది. పన్నెండు దాటితే ఓపీ చీటీ ఇవ్వరు. డ్రైవర్‌ను తొందరపెట్టాను. ముఖానికి కొంగు కప్పుకున్న వదినను ఆయన అద్దంలో చూసి, "ముసుగేంది తమ్మి, పెండ్లిపిల్లనా?" అన్నాడు. కంటి సంగతి చెప్పగానే నవ్వు ఆపేశాడు.

"దవాఖాన ముంగట్నే దింపుత. దిగంగనే ఉరుకుండ్రి."

పదకొండు నలభైకి దింపాడు. చెప్పులు చేతపట్టుకుని వదిన నాకన్నా ముందు ఉరికింది.

ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని డాక్టరమ్మ అడిగింది. వెనక వరుసలో మా ఊరివాళ్లు ఇద్దరున్నారు. వదిన తన జబ్బు సంగతి ఇన్నేళ్లలో ఊరివాళ్లెవరి ముందూ చెప్పలేదు. సంచిలోంచి హెచ్‌ఐవీ మందుల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"గివే మేడం. ఒక్కనాడు తప్పలే."

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అక్కి వచ్చే అవకాశం ఎక్కువని, మూడు రోజులు దాటకముందే వచ్చారు కాబట్టి మందు బాగా పనిచేస్తుందని డాక్టరమ్మ చెప్పి మాత్రలు రాసింది. కంటి డాక్టర్ లైటు వేసి చూసి, నల్లగుడ్డుకు ఏమీ కాలేదన్నాడు. గేటు బయటికి రాగానే వదిన మిర్చి బజ్జీ కావాలంది. రెండు ప్లేట్లు తిన్నాం.

నల్లగొండకు ఎన్నోసార్లు పోయాను, ఏదీ గుర్తులేదు. ఈ ప్రయాణంలో ప్రతి మలుపూ గుర్తుంది. బాలమ్మవ్వ ఆ గిన్నె పక్కన పెట్టకపోతే మేం ఇంటికే తిరిగి వచ్చేవాళ్లం. మీకు చెప్పేది ఒకటే: నుదుటి మీద, కంటి దగ్గర, ముక్కు కొన మీద పొక్కులు లేస్తే అదే రోజు దవాఖానకు వెళ్లండి. రోజూ వాడే మందుల డబ్బా వెంట ఉంచుకోండి, వాటిని మీ అంతట మీరు ఆపకండి.

డాక్టరమ్మ మళ్లీ రమ్మన్న సోమవారం వదిన ఆరున్నర ఆటోకు బయలుదేరింది. ఒక్కతే వెళ్లింది.