పిన్ని నీళ్లు పట్టిన శ్లాబు

మా పిన్ని బట్టలు కుడుతుంది. వరసలు కలపడం ఆవిడకో జబ్బు. గుండీలమ్మేవాడు అన్నయ్య, మిషన్ బాగుచేసేవాడు అల్లుడు. ఎవరైనా "మేడమ్" అంటే, "అక్కా అనడానికి నోరు నొప్పా?" అని దెబ్బలాడేది. ఇంటి మీద గది వేయడానికి వచ్చిన మేస్త్రి మొదటి రోజే "అక్కా" అన్నాడు. ఇంకేముంది, కాగితం లేదు, సంతకం లేదు. బాబాయి గొణిగితే, "తమ్ముడితో కాగితాలేమిటండీ, అసహ్యంగా!" అని నోరు మూయించింది.

ఆవిడ ఆశంతా ఆ గది మీదే. ఇన్నేళ్లూ వరండాలో ఒక్క మిషన్‌తో నెట్టుకొచ్చింది. పైన నాలుగు మిషన్లు వేసి, బడిపిల్లల యూనిఫారాలు కుట్టాలని కోరిక.

శ్లాబు పోశాక మేస్త్రి దాని మీద చిన్న చిన్న గట్లు కట్టి, "ఇక నీళ్లు నిలబెట్టడం నీ పనక్కా. ఎండిందంటే బీటలిస్తుంది" అని చెప్పి వెళ్లాడు. మాలో ఎవరికి జ్వరం వచ్చినా పిన్ని అంత చాకిరీ చేయలేదు. పొద్దునా సాయంత్రం, కుట్టే బట్ట పక్కన పడేసి గొట్టం పట్టుకుని మెట్లెక్కేది. పొర్లిన నీళ్లు పక్కింటావిడ ఆరేసిన దుప్పట్ల మీద పడేవి. ఆవిడ గోడ మీంచి తిట్టేది, పిన్ని ఊరుకునేదా? చివరికి ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. మేస్త్రి మాత్రం వచ్చి చూసి, "నీ అంత శ్రద్ధగా నీళ్లు పట్టినవాళ్లని చూళ్లేదక్కా" అన్నాడు. ఆ మెచ్చుకోలు పిన్ని వీధంతా చెప్పుకుంది.

గది పూర్తయి మిషన్లు వేశాక, మొదటి వానకే పైకప్పు కారింది. రెండో వానకు పెచ్చు ఊడి మిషన్ మీద పడింది. లోపలి ఇనుప చువ్వలు బయటపడ్డాయి, కుట్టిపెట్టిన యూనిఫారాల నిండా తుప్పు మరకలు. తమ్ముడుగారు ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటికీ పిన్ని, "పాపం, ఏ పనిలో ఉన్నాడో" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి పట్టుకుని లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

లాయరమ్మ పంపిన నోటీసుకు మేస్త్రి నుంచి జవాబొచ్చింది. ఆవిడే చదివి వినిపించింది. పనిలో లోపం లేదట. ఇంటావిడ శ్లాబుకు ఒక్క పూట కూడా నీళ్లు పట్టలేదట, అందుకే పాడైందట.

పిన్ని మళ్లీ చదవమంది. "వాడు చూశాడమ్మా. నా పక్కనే నిలబడి చూశాడు" అంది. గది కారినా ఏడవని మనిషి ఆ కుర్చీలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాను గాని, కప్పు తనే వేసి మరీ లెక్కపెట్టినవాణ్ణి అప్పుడే చూశాను.

"మీరు నీళ్లు పట్టడం ఇంకెవరైనా చూశారా?" అని లాయరమ్మ అడిగింది.

"పక్కింటావిడ రోజూ చూసింది. కాని ఆవిడ నా మొహమే చూడదు."

"అయితే ఆవిడే కావాలి. మీ కోసం అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదుగా."

పిన్నికి కాళ్లు రాలేదు. నేనే వెళ్లి బతిమాలాను. "మీ పిన్నంటే నాకు పడదు. చూసింది చెప్పడానికేం, చెప్తాను" అంది పక్కింటావిడ.

కేసు వేశాక కోర్టు పంపిన ఇంజనీరు శ్లాబులో ఒక ముక్క కొట్టించి చూసి, సిమెంటు తక్కువ వేశారని తేల్చాడు. ఇక నీళ్ల సంగతే మిగిలింది. కోర్టులో అవతలి లాయరు అదే అడిగితే పక్కింటావిడ మొహం మాడ్చుకుని, "పట్టిందా అంటారేంటండీ! ఒక్క రోజు నా దుప్పట్లు ఆరనిచ్చిందా? ఎంత తిట్టినా ఆపలేదు ఈ మహాతల్లి!" అంది. అందరూ నవ్వారు. పిన్ని మాత్రం మేస్త్రి వైపే చూస్తూ కూర్చుంది. వాడు తలెత్తలేదు.

గెలిచాం. పాత శ్లాబు తీయించి కొత్తది వేయించే ఖర్చు మేస్త్రిదేనన్నారు. బయటికొస్తుంటే వాడు వెంటబడి, "కేసన్నాక లాయర్లు ఏదో రాస్తారక్కా, మనసులో పెట్టుకోకు" అన్నాడు. పిన్ని చరచరా నడిచి వెళ్లిపోయింది.

కొత్త మేస్త్రి మంచివాడు. శ్లాబు పోసి, గట్లు కట్టి, "రేపట్నుంచి నీళ్లు పట్టాలక్కా" అన్నాడు.

పిన్ని గోడ దగ్గరికి వెళ్లి పక్కింటావిడను ఆరేసిన దుప్పట్లు తీసేసుకోమని చెప్పి వచ్చింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"నీళ్లు పడతాను. అక్కా అనకండి. మేడమ్ అనండి."