ఆఖరి బకెట్

నేను ఉంటున్న మా అమ్మాయి ఇంట్లో మొన్న కొత్త గీజరు బిగించడానికి వచ్చిన కుర్రాడు, స్నానాలు ఎంతమందికండీ అని అడిగితే, మా మనవరాలు "నేనే ఫస్ట్!" అని చెయ్యెత్తింది. అందరూ నవ్వారు. నేను తప్ప. ఆ ప్రశ్న నేను ముప్ఫయ్యేళ్ళు అడిగాను, ఒక్కసారీ సరిగ్గా అడగలేదు.

ఏడో తరగతితో బడి నన్ను వదిలించుకున్నాక, తెనాలిలో గీజర్లు అమ్మే మా పెదనాన్న కొట్లో చేరాను. రాగి కాగులు అటకెక్కుతున్న రోజులవి, మీకూ గుర్తుండే ఉంటుంది. బాపట్లవాళ్ళు కొన్నా రేపల్లెవాళ్ళు కొన్నా, గీజరు బిగించి, నీళ్ళు నింపి, లైటు ఆరేదాకా గడియారం చూసి, బకెట్లో మోచెయ్యి ముంచి పరీక్ష చేసేది నేనే. ఎంత సైజు కావాలో మాత్రం వసారాలో పడక్కుర్చీలో ఉన్న పెద్దాయన్నే అడిగేవాణ్ణి. ఆయన తనకి రెండు బకెట్లు, కొడుక్కి రెండు, పిల్లలకి ఒకటి అని వేళ్ళు మడిచేసరికి చెయ్యి అయిపోయేది. లోపలున్న ఇల్లాలికి వేలు మిగిలేది కాదు. ఆవిడ ఆఖర్న మిగిలినవాటితో పోసుకోవడం అన్ని ఇళ్ళలోనూ ఆనవాయితీ. నేనూ అలాగే రాసుకునేవాణ్ణి.

రేపల్లెలో ఒకావిడ, "గీజరు బాగానే ఉంది తమ్ముడూ, నా వంతు వచ్చేసరికే దానికి చలేస్తోంది" అంది. పగలబడి నవ్వి, ఇంటికొచ్చి అదే జోకు మా ఆవిడకి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఊళ్ళో బకెట్లన్నీ లెక్కపెడతారు, నా బకెట్ ఏ లెక్కలో వేశారండీ?"

ఆమెకి ఉబ్బసం. మా చిన్న గీజరులో అమ్మ, నాన్న, తమ్ముడు, నేను అయ్యాక వచ్చేవి చన్నీళ్ళే. ఆమె మళ్ళీ స్విచ్చి వేస్తే, ఇంకా ఎవరున్నారే అంటూ అమ్మ కట్టేసేది. నేను టిఫిన్ తింటూ వినేవాణ్ణి. పెద్ద గీజరు తెస్తానంటూనే, కొట్లోకి వచ్చిన ప్రతిదీ ఎవరో ఒకరి గోడకి బిగించి వచ్చేవాణ్ణి. అలా ఉండగానే ఒక చలికాలం దగ్గుతో మొదలై ఆమెను తీసుకుపోయింది. నీళ్ళవల్ల కాదని డాక్టరుగారు చెప్పారు. నేను నమ్మలేదు.

ఆ కుర్రాడితో, నన్ను అడక్కు నాయనా, వంటింట్లోకెళ్ళి మా అమ్మాయిని అడుగు అన్నాను. అడిగి వచ్చి పెద్దదే బిగించాడు. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరి వంతుకూ నీళ్ళు చల్లారవు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న మాటే లేదు. నేను మాత్రం కావాలనే అందరికంటే ఆఖర్న పోసుకుంటున్నాను. చివరి చెంబు కూడా పొగలు కక్కుతూనే ఉంటుంది. అది పోసుకోలేక పారబోసి వస్తున్నాను.